శుక్రవారం పనిచేసే కంప్యూటరు

నా దగ్గర నలభై ఒక్క డైరీలున్నాయి. ఉద్యోగంలో చేరిన రోజు మొదలుపెట్టిన అలవాటు, రిటైరయ్యాక కూడా పోలేదు. వాటిలో గొప్ప విషయాలేమీ ఉండవు. ఏ బండి ఎంత ఆలస్యమైంది, ల్యాబులో ఏ గాజు సామాను పగిలింది, వాన పడిందా లేదా, ఇవే. మా ఆవిడ ఆ అలమరను వాతావరణ శాఖ అంటుంది. ఈ మధ్య మా పాత కాలేజీలో పాఠం చెప్పే లెక్చరరొకాయన ఫోన్ చేసి, "మన కాలేజీలో మొదటి కంప్యూటరు మీరు కట్టిందేనటగా సార్. అంత తక్కువ డబ్బులో ఎట్లా కట్టారో రాయండి, మా పిల్లలు చదువుతారు" అన్నారు. సరేనని డైరీ తీశాను. తీశాక తెలిసింది, ఆ కంప్యూటరు గురించి రాయాలంటే ఒక గొయ్యి గురించి రాయాలి. ఆ గొయ్యి గురించి నేను ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

అవి ఎనభైల చివరి సంవత్సరాలు. మాచర్ల లైనులో ఒక ఊళ్ళో జూనియర్ కాలేజీ. నేను ఫిజిక్స్ ల్యాబు చూసేవాణ్ణి. మాది నరసరావుపేట. పొద్దున మీటరు గేజి బండెక్కి వెళ్ళడం, సాయంత్రం అదే బండికి తిరిగి రావడం. ప్రిన్సిపాలుగారిది గుంటూరు. అటెండరుది నాదెండ్ల దగ్గర పల్లె, ఆ మధ్యనే బదిలీ మీద వచ్చాడు. స్టాఫులో ఎక్కువమందిమి రైల్లో వచ్చి రైల్లో పోయేవాళ్ళమే. ఆ ఊళ్ళో ఏ గోడ వెనక ఏముందో మాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని మిగతాది చదవండి.

ఒక రోజు ప్రిన్సిపాలుగారు పిలిచారు.

"మాస్టారూ, మనకి కంప్యూటరు కోర్సు ఇస్తారంట. కాకపోతే ముందు మన దగ్గర ఒక కంప్యూటరుండాలంట. అది నడుస్తుంటే కళ్ళారా చూసి అప్పుడిస్తారంట."

"కొత్తది చానా ఖరీదండీ."

"తెలుసు. మన దగ్గర అయిదున్నర వేలున్నాయి."

"అయిదున్నర వేలకి కంప్యూటరు రాదండీ."

"నేను కొనమన్నానా? చెయ్యమన్నాను."

చెయ్యాలంటే చెయ్యి తిరిగిన మనిషి కావాలి. బస్టాండు ఎదురుగా రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే మెకానిక్, సాయిబు ఒకాయనుండేవాడు. నాకంటే పదేళ్ళు చిన్న. స్టాఫులో లేకపోయినా, మాలో ఆ ఊళ్ళో పుట్టినవాడు అతనొక్కడే. ఇంటింటికీ టీవీలు రావడంతో రేడియో షాపు పడిపోయింది. అద్దె కట్టలేక రెండు నెలల్లో షాపు మూసేసే పరిస్థితిలో ఉన్నాడు. ఇద్దరు ఆడపిల్లలు. కోర్సు వస్తే ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగం అతనికేనని ప్రిన్సిపాలుగారు మాటిచ్చారు. ఆ మాట మీద అతను కూలి తీసుకోకుండా పనిలోకి దిగాడు.

అసలు బోర్డు హైదరాబాదులో మూతపడిన ఒక కంపెనీ సామానులోంచి తెచ్చాం. కీబోర్డుకు రెండు మీటలు లేవు. చొక్కా బొత్తాలు అతికించాం. తెర కోసం ఒక పత్తి వ్యాపారి కలర్ టీవీ కొనుక్కుని పక్కన పడేసిన బ్లాక్ అండ్ వైట్ టీవీ దొరికింది. ట్రాన్స్‌ఫార్మరు మోటార్లు చుట్టే షాపులో చుట్టించాం. అన్నీ పెట్టడానికి పెట్టె కావాలి. ట్రంకుపెట్టెలు చేసే ముసలాయన దగ్గరకెళ్ళి కొలతలిచ్చాను. ఆకుపచ్చ రంగేసి, మూతకు రెండు కొక్కేలు పెట్టి, "తాళానికి చెవులు పెట్టమంటారా?" అని అడిగాడు. పెట్టమన్నాం. ప్రోగ్రాములు ఉండేది క్యాసెట్టులో. టేపురికార్డరు మీట నొక్కితే అయిదు నిమిషాలపాటు కీచుమని అరిచి అప్పుడు కంప్యూటరులోకి ఎక్కేవి. మొదటిసారి ఆ చప్పుడు విన్న అటెండరు, "ఏంది సార్ ఇది, దయ్యానికి జోలపాటా?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం.

స్విచ్చి వేసిన మొదటి రోజు ఇరవై నిమిషాలు చక్కగా నడిచింది. తర్వాత ఎవరూ ముట్టుకోకుండానే తెరమీద ఏడు అంకె పడింది. పక్కన ఇంకో ఏడు. లైను నిండింది, రెండో లైను నిండింది. నేనూ మెకానిక్కూ అటెండరూ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడి చూస్తున్నాం. ఎవరో తీరుబడిగా కూచుని ఒక్కొక్కటే నొక్కుతున్నట్టు, ఒకే వేగంతో, తెర నిండా ఏడులు. పెట్టె మీద చెయ్యి వేస్తే మోచేతిదాకా జిల్లుమంది.

"ఎర్తు లేదు సార్" అన్నాడు మెకానిక్. "కాలేజీ ఎర్తు తీగ ఎప్పుడో గోడలోనే తెగిపోయింది. దీంట్లో కరెంటుకి ఎటు పోవాలో తెలీక లోపల్లోపలే తిరుగుతోంది."

ఎర్తు అంటే దారితప్పిన కరెంటును భూమిలోకి పంపే దారి. గొయ్యి తీసి, ఇనప పైపు దించి, చుట్టూ బొగ్గూ ఉప్పూ వేసి, నీళ్ళు పోసి, ఆ పైపుకు తీగ కడతారు. దానికి మన్ను కావాలి, మన్నులో తడి ఉండాలి. ఆ ఊళ్ళో జానెడు మన్ను కింద అంతా నాపరాయి. రాయి పగలగొట్టి గొయ్యి తీయాలంటే మందు పెట్టి పేల్చాలి. దానికి మా దగ్గర డబ్బు లేదు.

మెమరీ చిప్పుల కోసం మెకానిక్ వారం రోజులు హైదరాబాదు వెళ్ళాడు. అతను వచ్చేలోపు ఎర్తు సిద్ధం చెయ్యాలని నాకు పట్టుదల. కాలేజీ వెనక దక్షిణపు ప్రహరీ దాకా ఉన్న ఖాళీ స్థలాన్ని సున్నంతో మూడడుగుల గళ్ళుగా గీశాను. మొత్తం అరవై నాలుగు గళ్ళు. ఒక్కో గడిలో మూడేసి గడ్డపార పోట్లు. గట్టిగా ఖంగుమంటే డైరీలో 'గ', మెత్తగా దిగితే 'మె'. రెండు రోజులు పట్టింది. అరవై ఒక్క గళ్ళలో 'గ' పడింది. మూడు గళ్ళలో 'మె'. ఆ మూడూ ఒకే వరసలో ఉన్నాయి.

అక్కడ మళ్ళీ దగ్గర దగ్గరగా పొడిచి అంచులు పట్టాను. డైరీలో ఇట్లా ఉంది: 'మెత్తటి నేల. ఉత్తర దక్షిణాలుగా ఆరున్నర అడుగులు. వెడల్పు రెండున్నర. దక్షిణపు గోడకు ఎనిమిది అడుగుల దూరం. భవనం కట్టినప్పటి సున్నం గుంట పూడ్చిన చోటు కావచ్చు. అదృష్టం.'

పొడవు, వెడల్పు, దిక్కు. నా చేత్తో నేనే రాసుకున్నాను. చదివేవాళ్ళు ఈపాటికి నాకంటే ముందు గ్రహించే ఉంటారు.

"ఈడ గడ్డి పచ్చగుంది చూశారా సార్" అన్నాడు అటెండరు. మార్చి ఎండకు చుట్టూ అంతా మాడిపోయింది. "మేకలు గేట్లోంచి దూరి దొరికిందల్లా తింటయి, ఈ గడ్డి మాత్రం ముట్టవు."

"సున్నం నేల కదయ్యా, చేదుగా ఉంటుంది" అన్నాను. నా దగ్గర ప్రతిదానికీ కారణం ఉండేది.

అతను తవ్వుతుంటే పార వెన్నలోకి దిగినట్టు దిగింది. నడుంలోతున రాయి తగిలింది.

"పుట్టు రాయా, పరిచిన రాయా?" అడిగాను.

"ఎవురో పరిచినట్టే ఉంది సార్. నాపబండలు. పక్కపక్కనే పేర్చారు."

గుంట అడుగున పరిచిన గచ్చు అనుకున్నాను. రెండు బండల మధ్య అంగుళమున్నర సందుంది. పైపు మొన అందులో పెట్టించి సమ్మెటతో కొట్టించాను. ఒక దెబ్బ, రెండు దెబ్బలు. మూడో దెబ్బకు పైపు తనంతట తనే జానెడు కిందికి జారి ఆగింది. అటెండరు సమ్మెట పట్టుకుని నా మొహం చూశాడు.

"కింద బోలుగుంది సార్."

"మంచిదే. నీళ్ళు నిలుస్తాయి."

పైపు నోటి మీద అరచెయ్యి పెట్టి చూశాను. మిట్టమధ్యాహ్నం. లోపలి నుంచి చల్లటి గాలి సన్నగా చేతికి తగిలింది. అది కూడా రాసుకున్నాను.

మెకానిక్ తిరిగి వచ్చేసరికి బొగ్గు, ఉప్పు, మన్ను వేసి పూడ్చి, పైన చిన్న సిమెంటు మూత పెట్టేశాం. అతను చూసింది ఆ మూతనే. తీగ కట్టాడు. కంప్యూటరు ఒక్క ఏడు కూడా వెయ్యకుండా రోజంతా నడిచింది. ప్రిన్సిపాలుగారు అందరికీ టీ తెప్పించారు.

మూడో రోజుకు ఏడులు మళ్ళీ వచ్చాయి.

అప్పటినుంచి రోజూ రాసిపెట్టాను. సోమవారం పాడు. మంగళవారం పాడు. బుధవారం పెట్టె ముట్టుకోనివ్వలేదు. గురువారం పాడు. శుక్రవారం బాగుంది, పొద్దున్నుంచి సాయంత్రం దాకా. శనివారం మధ్యాహ్నం దాకా పరవాలేదు, తర్వాత పాడు. రెండో వారం ఇంతే. మూడో వారం ఇంతే. చుట్టుపక్కల రాళ్ళు కోసే మిషన్లకు శుక్రవారం సెలవేమోనని విచారించాను. కాదు. ఆ రోజు కరెంటు ఎక్కువ వస్తోందేమోనని కొలిచాను. రాలేదు.

"ఇదేదో మన స్టాఫు కంటే అన్యాయంగా ఉంది మాస్టారూ" అన్నారు ప్రిన్సిపాలుగారు. "వారానికి ఒక్కరోజే డ్యూటీ!"

అటెండరు నన్నడక్కుండా ట్రంకుపెట్టెకు కుంకుమ బొట్టు పెట్టి, దాని మీద నిమ్మకాయ ఉంచాడు. తీసెయ్యమనలేదు నేను. ఆ తెర ముందు ఒంటరిగా కూచోవడం అప్పటికి నాకూ ఇష్టం లేకుండా పోయింది. ఏడులు పడేటప్పుడు చప్పుడేమీ ఉండదు. అదే బాగుండేది కాదు.

ఆరో శుక్రవారం బండి దిగి నేరుగా వెనక్కి వెళ్ళాను. వారం నుంచీ చినుకు లేదు. సిమెంటు మూత ఎత్తి వేలు పెట్టి చూస్తే లోపల బొగ్గు తడిగా ఉంది. అటెండరును పిలిచాను.

"నువ్వేమైనా నీళ్ళు పోస్తున్నావా?"

"నేనెందుకు పోస్తా సార్? తాగటానికే లేకపోతే!"

తడి ఎక్కడిదో తేలలేదు. కానీ తడి ఉన్న రోజు మిషను నడుస్తోందన్నది తేలింది. నాకు అది చాలు. ఆ మర్నాటి నుంచి నేనే నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. మొదటి రోజు ఒక బకెట్టు పోశాను, చుక్క పైన నిలవలేదు. రెండు, మూడు, నాలుగు. ఆరు బకెట్లు పోస్తేగాని పైన తడి కనిపించలేదు. పైపులోంచి నీళ్ళు ఎక్కడో దూరంగా పడుతున్న చప్పుడు వినిపించేది. కంప్యూటరు మాత్రం రోజూ నడిచింది. ఏడులు పోయాయి.

తర్వాతి మంగళవారం ఉత్తరం వచ్చింది. వచ్చే వారం గురువారం హైదరాబాదు నుంచి ఇన్‌స్పెక్షన్‌కు వస్తారు. అంటే తొమ్మిది రోజులు. ఆ సాయంత్రం ల్యాబులో నేనూ మెకానిక్కే ఉన్నాం. అతను ఏదో తీగ అతుకుతున్నాడు. నా తెలివి చూపించుకుందామని డైరీ తెరిచి, గళ్ళు గీయడం దగ్గర్నుంచి పైపు జారడం దాకా చదివి వినిపించాను.

అతను సాల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టాడు.

"సార్, ఆ బండలు... పేర్చినయ్యా?"

"ఆ, పక్కపక్కన. గుంట అడుగున గచ్చు."

"ఎంత లోతులో?"

"నడుంలోతు."

"పైపు జారింది బండల కిందికి. బోలులోకి."

"అవును."

అతను కిటికీలోంచి గోడవైపు చూశాడు.

"అది సున్నం గుంట కాదు సార్. మావోళ్ళు మనిషిని పడుకోబెట్టి, మీద మన్ను పడకుండా బండలు పేరుస్తారు. కింద బోలుగా ఉంచుతారు. ఆ బోలు మనిషి కోసం."

నా చేతిలో డైరీ తెరిచే ఉంది. ఆరున్నర అడుగులు. రెండున్నర.

"గురువారం సాయంత్రం గోడవతల నీళ్ళు పోసే ముసలామెని ఎప్పుడైనా చూశారా?"

చూశాను. ల్యాబు కిటికీలోంచి గోడమీదుగా ఆమె తలమీది ముసుగు, ఊదు పొగ కనిపించేవి. ఏదో మొక్కకు నీళ్ళు పోసుకుంటోందనుకున్నాను.

"ఆమె మా వీధే సార్, నాకు ఖాలా అవుద్ది, పిన్నమ్మ వరస. ఈ కాలేజీకి గోడ కట్టి పంతొమ్మిదేళ్ళయింది. అంతకుముందు ఈ చివర నాలుగైదు సమాధులుండేవి, అన్నిట్లోకి ఇవతలది ఆమె మొగుడిది. చదును చేసేటప్పుడు గుర్తురాళ్ళు పోయినయి. నా మనిషి ఎక్కడని ఆమె వచ్చి అడిగితే, గోడ కట్టే మేస్త్రీ, గోడ కిందికొచ్చాడమ్మా అన్నాడంట. అప్పట్నించి గోడ మొదట్లో పోస్తంది. ఆయన గచ్చులు పరిచే మేస్త్రీ సార్. ఈ ఊళ్ళో సగం ఇళ్ళలో నాపరాళ్ళు ఆయన పరిచినవే."

ఆగి, ట్రంకుపెట్టె వెనక నుంచి కిటికీలోకి పోతున్న తీగను చూస్తూ అన్నాడు: "ఇప్పుడు మనం ఆయన మీదికి కరెంటు వదుల్తున్నాం."

పైపు తీసేస్తే మిషను నడవదు. వేరే గొయ్యికి డబ్బు లేదు, వ్యవధి లేదు. ఇన్‌స్పెక్షన్ పోతే కోర్సు పోతుంది. కోర్సు పోతే అతని ఉద్యోగం పోతుంది. ఇదంతా నాకంటే ముందు అతనికే తెలుసు.

"తీసేద్దాం సార్" అన్నాడతను.

"తీస్తే నీ సంగతేంటి?"

అతను సాల్డరింగ్ ఐరన్ స్విచ్చి తీసేశాడు.

"ఇన్‌స్పెక్షన్ అయ్యాక తీద్దాం" అన్నాను. "తొమ్మిది రోజులే."

"మీ ఇష్టం సార్."

అతనికి మేలు చేస్తున్నానని నాకు నేను చెప్పుకున్నాను. అందులో కొంత నిజముంది. నేను కట్టిన మిషను నడవదేమోనన్న భయం అంతకంటే పెద్ద నిజం. మర్నాటి నుంచి మెకానిక్ చెప్పులు ల్యాబు బయటే విడిచి లోపలికి వచ్చేవాడు. నీళ్ళ బకెట్టు మాత్రం ముట్టుకోలేదు. రోజూ పొద్దున నేనే పోశాను. కింద ఏముందో తెలిశాక ఆ నీళ్ళు పడే చప్పుడు వేరుగా వినిపించింది. ఎవరో అక్కడ ఉండి, ఇంకా పోస్తానేమోనని చూస్తున్నట్టు, ఒక క్షణం ఆగి అప్పుడు పడేది.

మధ్యలో ఒక గురువారం వచ్చింది. నేను రాత్రి బండికి పోదామని ఆగిపోయాను. మర్నాటికి సరిపడా తడి ఉంచుదామని సాయంత్రం బకెట్టు పట్టుకుని వెనక్కి వెళ్ళేసరికి గోడవతల ఊదు వాసన. ఆమె వచ్చింది. తురకంలో మెల్లగా మాట్లాడుతోంది. నాకు ఆ భాష సగమే తెలుసు. మిరపకాయల ధర చెప్పింది. మనవరాలికి జ్వరం తగ్గిందని చెప్పింది. ఎవరిదో గచ్చు కుంగిందని, నువ్వు పరిచినట్టు ఇప్పుడెవరు పరుస్తారని చెప్పింది. మధ్యలో ఏదో అడిగి ఆగింది. జవాబు వినేంతసేపు ఆగింది. తర్వాత చిన్నగా నవ్వింది.

ఆమె గోడకు అటు, నేను ఇటు. ఆమె మాట్లాడుతున్న మనిషి నా కాళ్ళ దగ్గర. నేను బకెట్టు కింద పెట్టలేదు. పెడితే చప్పుడవుతుందని అట్లాగే చేత్తో పట్టుకుని, ఆమె వెళ్ళేదాకా నిలబడ్డాను. అరచేతిలో వాత తేలింది.

ఇన్‌స్పెక్షన్ రోజున ఇద్దరు వచ్చారు. మిషను నాలుగు గంటలపాటు తడబడకుండా నడిచింది. నలభై మంది విద్యార్థుల మార్కులు కూడి, ఎవరు మొదటో ఎవరు చివరో వరసపెట్టి తెరమీద చూపించింది. ట్రంకుపెట్టెను చూసి పెద్దాయన పగలబడి నవ్వాడు. "తాళానికి చెవులు కూడా పెట్టారే!" అన్నాడు. సాయంత్రం వెళ్ళబోయే ముందు, "అన్నీ బాగానే ఉన్నాయి. ఎర్తు ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు.

వెనక్కి తీసుకెళ్ళాం. బూట్లతో వెళ్ళి సరిగ్గా ఆ మూత మీదే నిలబడ్డాడు.

"ఇంత రాతినేలలో ఇంత మంచి చోటు ఎట్లా దొరికిందయ్యా మీకు?"

"వెతికాం సార్" అన్నాను.

మెకానిక్ నా పక్కనే వట్టి కాళ్ళతో నిలబడి నేలకేసి చూస్తున్నాడు. అప్పుడే గోడవతల ఊదు వాసన లేచింది. నీళ్ళు పోస్తున్న చప్పుడు.

"ఏంటది?" అన్నాడు పెద్దాయన.

నేను అన్న మాట ఆ రోజు డైరీలో ఉంది. కొట్టివేత లేకుండా రాశాను. "పక్కవాళ్ళెవరో మొక్కలకి నీళ్ళు పోసుకుంటున్నారు సార్."

గోడవతల చప్పుడు ఆగిపోయింది.

కోర్సు ఇస్తామని వాళ్ళు అక్కడికక్కడే చెప్పి సంతకాలు పెట్టి వెళ్ళారు. మర్నాడు శుక్రవారం, పొద్దున బండి దిగి నేను కాలేజీకి పోలేదు. మెకానిక్‌ను వెంటబెట్టుకుని వాళ్ళ వీధికి వెళ్ళాను. ఆమె వాకిట్లో కూచుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. "నమస్కారమమ్మా" అన్నాను. అతను నిలబడే అంతా చెప్పాడు. ఆమె తొడిమలు తీయడం ఆపకుండా విన్నది.

"తెలిసి ఎన్నాళ్ళయిందిరా?"

"తొమ్మిది... పది రోజులు ఖాలా."

"పది రోజులు నా వాకిట్లోంచే తిరిగావు. సలాం కూడా పెట్టావు."

అతను తల వంచుకున్నాడు. ఆమె నావైపు తిరిగింది.

"నిన్న మొక్కలన్నది నువ్వేనా నాయనా? గొంతు అదే."

"నేనేనమ్మా."

ఒడిలో ఉన్న కాయలు చాటలో పోసి, చేతులు దులుపుకుని లేచింది. "పదండి."

ప్రిన్సిపాలుగారు విషయం విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు, అంతే. అటెండరుకు చెబితే పలుగు అందుకోవడానికి చెయ్యి రాలేదు. చివరికి మెకానిక్ తనే గోతిలో దిగి మన్ను తీశాడు. తీగ విప్పి, రెండు చేతులా పైపు పట్టుకుని నెమ్మదిగా పైకి లాగాడు. కింది చివర బయటికి వస్తూనే జేబురుమాలు దానికి చుట్టి తుడిచాడు. రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. పైపుకు ఏమంటుకుందో నేను చూడలేదు. ఈనాటికీ అడగలేదు.

అప్పుడు అతను, "సార్, ఇటు చూడండి" అన్నాడు.

గోతిలో గోడవైపు, రెండు రాతి పొరల మధ్య సన్నటి తడి గీత ఉంది. అందులోంచి నీళ్ళు ఒక్కొక్క బొట్టుగా ఊరి వచ్చి, జారి, పరిచిన బండల మీద పడుతున్నాయి. నేను ముందు రోజు పోసిన నీళ్ళు కావు, నావి పైనుంచి పోసినవి. ఇవి గోడవైపు నుంచి వస్తున్నాయి. నిన్న సాయంత్రం ఆమె అవతల పోసినవి, రాత్రంతా రాయి సందుల్లోంచి ఎనిమిది అడుగులు నడిచి వస్తున్నాయి.

సంచిలోంచి డైరీ తీశాను. నేను నీళ్ళు పోయకముందు పేజీలు తిప్పుతూ పైకే చదివాను. శుక్రవారం బాగుంది. శుక్రవారం బాగుంది. ఆరు శుక్రవారాలు.

"ఏంది నాయనా అది?" అన్నదామె.

మెకానిక్ గోతిలోంచే చెప్పాడు. "నువ్వు గోడకాడ పోసే నీళ్ళు ఈడికే వస్తన్నయి ఖాలా. ఆయన దగ్గరికే. నీళ్ళొచ్చిన రోజే మా మిషను నడిచేది. సార్ అన్నీ రాసిపెట్టారు."

ఆమె గోతి అంచున కూచుంది.

"అన్ని వారాలూ వచ్చినయ్యా?"

"నేను చూసిన ఆరు వారాలూ వచ్చాయమ్మా" అన్నాను. "ఒక్కటి కూడా తప్పలేదు."

"పంతొమ్మిదేళ్ళు గోడకి పోస్తన్నాననుకున్నా" అన్నది. కాసేపు ఆ బొట్లు పడటం చూసింది. తర్వాత నన్నడిగింది, "నువ్వూ పోశావంటగా. ఎన్ని?"

"రోజూ ఆరు బకెట్లు."

"ఆరా!" కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. "స్నానానికి రెండు చెంబులు చాలు మా ఆయనకి. మూడోది పోస్తే కేకలేసేవోడు."

మెకానిక్ కూడా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

గొయ్యి పూడ్చి, చుట్టూ నాలుగు నాపరాళ్ళు పాతించారు ప్రిన్సిపాలుగారు. గేటు లోపలికి వచ్చి పోసుకోమని చెప్పినా ఆమె రాలేదు. "దారి దొరికిందిగా, అటునించే పోస్తా" అన్నది. కోర్సుతోపాటు వచ్చిన డబ్బుతో కాలేజీ ముందు వైపు, పాత బావి దగ్గర రాయి పేల్పించి కొత్త ఎర్తు పెట్టాం. మెకానిక్‌కు ఉద్యోగం వచ్చింది. మిషను అన్ని రోజులూ నడిచింది. శుక్రవారానికీ మిగతా రోజులకూ తేడా పోయింది. కానీ శుక్రవారం బండి దిగగానే వెనక్కి వెళ్ళి ఆ నాలుగు రాళ్ళ మధ్య నేల చూడటం నాకు అలవాటైంది. వేసవిలో కూడా తడిగా ఉండేది. 'తడి' అని రాసుకుని పనిలోకి వెళ్ళేవాణ్ణి.

మూడేళ్ళ తర్వాత ఒక శుక్రవారం వెళ్ళి చూస్తే నేల పొడిగా ఉంది. వంగి వేలితో చూశాను. పొడిగానే ఉంది.

ల్యాబులోకి వెళ్ళాను. అప్పటికి కొత్త కంప్యూటర్లు రెండు వచ్చాయి. మూలనున్న ఆకుపచ్చ పెట్టెను అటెండరు అలవాటు కొద్దీ రోజూ వేసి ఉంచేవాడు. దాని తెర నిండా ఏడులు. పాత బోర్డు, ఎప్పుడో ఒకప్పుడు పాడవుతుంది. దానికి కొత్త ఎర్తుతో సంబంధం ఉందేమో, ఆ గోతితో ఏ సంబంధమూ లేదు. నాకు తెలుసు.

"మెకానిక్ రాలేదేం?" అని అటెండరును అడిగాను.

"రాడు సార్ ఇయ్యాల. వాళ్ళ వీధిలో ముసలామె నిన్న మధ్యాహ్నం పోయిందంట."

బకెట్టు తీసుకోలేదు. మంచినీళ్ళ కుండ దగ్గరున్న చెంబు తీసుకుని వెనక్కి వెళ్ళాను. రెండు చెంబులు పోశాను. మూడోది పోయలేదు.

అటెండరు వెనకవైపు తలుపు దాకా పరిగెత్తుకొచ్చాడు. "సార్, ఏడులు ఆగినయి!"

టైమెంతో చూసుకోలేదు. ఆ రోజు డైరీలో టైము రాసే గడి ఖాళీగానే ఉంది.